పాండ్రి సేటు

కొడకండ్లలో రమాకాంత్ ఇల్లెక్కడని అడిగితే, ఏ రమాకాంత్ అని ఎదురు ప్రశ్న వేస్తారు. పాండ్రి సేటు ఇల్లు అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా టెంట్‌హౌస్ వైపు చెయ్యి చూపిస్తారు. పాండ్రి అంటే ఆ ప్రాంతపు మాటలో పదండి, పోదాం అని. ఆ మాట అతని నోట్లో నుంచి ఎప్పుడు ఊడిపడుతుందో ఎవరికీ తెలిసేది కాదు. అతనికే తెలిసేది కాదు.

వాళ్ల నాయిన లక్ష్మీనర్సయ్యది గిన్నెల దుకాణం. ఆయన గద్దె మీద కూర్చున్నాడంటే కూర్చున్నట్టే. సరుకు కోసం జనగామకు పోవడమే ఆయనకు పెద్ద ప్రయాణం. యాదగిరిగుట్ట కూడా పెళ్లయిన కొత్తలో ఒకసారి చూశాడు, అంతే. "గద్దె దిగిన సేటు గంగల కలిసినట్టె" అనేవాడు. కొడుకును కూడా బడి వదలగానే తెచ్చి పక్కన కూర్చోబెట్టేవాడు. రమాకాంత్ బాల్యమంతా ఆ గద్దె మీద నుంచి తొర్రూరు బస్సులనూ జనగామ బస్సులనూ చూడటంతోనే గడిచింది. బోర్డు మీది ఊరిపేరు చదువుకుంటూ, ఆ ఊళ్లో ఏముంటుందో ఊహించుకుంటూ ఉండేవాడు.

నాయిన పోయాక రమాకాంత్ గిన్నెలు అమ్మడం మానేసి కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టాడు. గంజులు, గంగాళాలు, తర్వాత కుర్చీలు, శామియానాలు. ఒక ట్రాలీ బండి కూడా కొన్నాడు. ఆ పనిలో అతనికి నచ్చింది ఒక్కటే. పొద్దున ఏదో ఊళ్లో సామాను దించితే మళ్లీ సాయంత్రం దాకా బండి ఖాళీ. ఖాళీ బండిని చూస్తే అతనికి కాళ్లు ఆగేవి కావు.

ఒకసారి దంతాలపల్లిలో ఒక పెళ్లికి కుర్చీలూ గంజులూ దించారు. వెంట పౌలు, అతని భార్య సమ్మక్క ఉన్నారు. పౌలు గుంజలు పాతి టెంట్లు కట్టేవాడు. సమ్మక్క గంజులు తోమేది. ఇద్దరూ టెంట్‌హౌస్ పెట్టిన నాటి నుంచీ అతని దగ్గరే పని చేస్తున్నారు. వంటలు కాకముందు వాళ్లకూ పని లేదు. రమాకాంత్ స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేశాడు.

"ఎక్కుండ్రి. పాండ్రి."

"యాడికి సేటు?" అంది సమ్మక్క.

"నాకు తెలిస్తె గద నీకు చెప్పెతందుకు."

మహబూబాబాద్ దాటి, గూడూరు అడవి దిక్కు బండి పోనిచ్చాడు. వానాకాలం. ఎవరో చెప్పగా విని, బండి ఆపి, బురదలో నడిచి నడిచి ఒక జలపాతం దగ్గరికి చేరారు. సమ్మక్క కొంగు నడుముకు చుట్టుకుని చీరతోనే నీళ్ల కిందికి పోయి నిలబడింది. నెత్తి మీద నీళ్లు పడుతుంటే పెద్దగా కేకలు పెట్టింది. ఒడ్డున కూర్చున్న పౌలు సిగ్గుపడుతూ, "దీనికి పిచ్చి లేసింది సేటు" అన్నాడు. తిరిగి వస్తుంటే టైరు పంక్చరయింది. పెళ్లివాళ్ల బంతి లేచే వేళకు గంజులు తోమే దిక్కులేక పెళ్లికూతురి మేనమామ నోటికొచ్చినట్టు తిట్టాడు. రమాకాంత్ దండం పెట్టి, నవ్వి, తనే పీచు పట్టుకుని తోమడానికి కూర్చున్నాడు. తిట్టినాయనే చివరికి మెత్తబడి లడ్డూల పొట్లం చేతిలో పెట్టి పంపాడు.

ఇలాంటివి చాలా ఉన్నాయి. బండి చెరువు కట్ట దిగి బురదలో కూరుకుపోవడం, డీజిల్ అయిపోయి అడవిలో నిలిచిపోవడం, పోలీసులు పట్టుకుని బండి కాగితాలు అడిగితే అవి ఇంట్లో మరిచి రావడం. అవన్నీ అతని ఒక్క మాటతో కొట్టుకుపోయేవి. "పొయ్యేటప్పుడు పడ్డ తిప్పలు వచ్చినంక కథలైతయి" అనేవాడు. నిజంగానే హోటల్ ముందు అతను ఆ కథలు చెబుతుంటే తాగుతున్న చాయ చల్లారిపోయినా ఎవరూ లేచేవారు కాదు.

అతను గమనించని సంగతి ఒకటుంది. అన్నిసార్లు వెళ్లినా ఎవరికీ ఏ నష్టమూ జరగకపోవడానికి కారణం అతని అదృష్టం కాదు, భార్య సుమ. అతను లేనప్పుడు వచ్చినవాళ్లకు షట్టరు తీసి కావలసింది ఇచ్చేది ఆమె. మరిచిపోయిన ఆర్డరుకు తొర్రూరులో ఇంకొకరిని మాట్లాడి పంపేదీ ఆమే. అతను తిరగగలిగింది ఆమె ఇల్లు కదలకపోవడం వల్ల.

టెంట్‌హౌస్ గోదాములో గంజుల పక్కన శవాన్ని ఉంచే ఫ్రీజరు పెట్టె కూడా ఉండేది. లక్ష్మీనర్సయ్య ఎండాకాలంలో చనిపోయినప్పుడు, దూరం నుంచి ఆడబిడ్డలు వచ్చేదాకా ఉంచడానికి అలాంటి పెట్టె కోసం రమాకాంత్ జనగామ దాకా పరుగెత్తాడు. ఆ రోజు పడ్డ ఆరాటం ఇంకొకరు పడకూడదని తర్వాత కొన్నాడు. దాని మీద అతనికి లోలోపల గర్వం కూడా ఉండేది. కొడకండ్ల మొత్తానికి అదొక్కటే.

ఈ కథ మొన్నటి మే నెలలో జరిగింది. ఒక పెళ్లి ఆర్డరు ఉండగా, పెళ్లివాళ్లకు మైల వచ్చి వాయిదా పడింది. ముందురోజే బండికి ఎక్కించిన కుర్చీలు దింపేశారు. తెల్లవారి రమాకాంత్ పళ్లు తోముకుంటూ వాకిట్లోకి వచ్చేసరికి ట్రాలీ ఖాళీగా, కడిగి, వేపచెట్టు నీడలో నిలబడి ఉంది.

కూతురు శ్రేయ ఇంటర్ మంచి మార్కులతో పాసై ఇంట్లోనే ఉంది. తండ్రి బండిని చూసే చూపు చూసి నవ్వింది.

"ఇయ్యాల ఎవర్ని తీస్కపోతవ్ డాడీ? ఊరందర్ని తిప్పినవ్. నన్ను, అమ్మను ఎన్నడన్న తిప్పినవా?"

ఆ మాట అతనికి తగలవలసిన చోటే తగిలింది. నోట్లో పుల్ల ఉమ్మేసి, లోపలికి నడిచాడు. సుమ తొక్కు పెట్టడానికి మామిడికాయలు తుడుస్తోంది.

"లే. పాండ్రి. గోదారికి పోదాం."

"గీ కాయలేం గావాలె?"

"కాయలెక్కడికి పోతయ్? లే నువ్వు."

సుమ లేచింది. లేవడమే అతనికి ఆశ్చర్యం. ఇన్నేళ్లలో ఆమె అలా లేవడం అదే మొదటిసారి. చీర మార్చుకుంది, అన్నం మూటగట్టింది, నిన్న కలిపిన కొత్త తొక్కు డబ్బాలో పెట్టుకుంది. తొందరలో ఆమె ఫోను చార్జింగుకే ఉండిపోయింది. బండి ఎక్కబోతూ ఆగింది.

"తాళంచెవి పక్క దుకాణం సరోజనకు ఇచ్చి పోదమా? ఎవరన్న వస్తరేమో."

"ఉన్న ఒక్క ముహూర్తం వాయిదా పడె, ఎవరొస్తరు? ఒక్క పూటకు ఏమైతది. ఎక్కు."

చావుకు ముహూర్తం ఉండదన్న సంగతి ఆ పూట అతనికి తట్టలేదు. సుమ కూడా ఇంకో మాట అనలేదు. ఆమెకూ పోవాలనే ఉంది.

ఆ ప్రయాణం ఎంత బాగా సాగిందో చెప్పకపోతే ఈ కథకు న్యాయం చేసినట్టు కాదు. ఎండ ముదరకముందే వరంగల్ దాటారు. పరకాల దగ్గర రోడ్డు పక్కన కర్బూజాలు కొనుక్కుని బండిలోనే కోసుకుని తిన్నారు. రసం మోచేతుల దాకా కారింది. భూపాలపల్లిలో బొగ్గు లారీల వెనక ఇరుక్కుని ముగ్గురి ముఖాలూ నల్లబడ్డాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. సుమ కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి గాలిని పట్టుకోబోతున్నట్టు వేళ్లు కదిలిస్తూ కూర్చుంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె చెయ్యి ఊరికే ఉండగా రమాకాంత్ చూడలేదు.

కాటారంలో చాయ కోసం ఆగారు. గ్లాసు చేతికి వచ్చేసరికి జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. పౌలు.

"ఎవరు?" అంది సుమ.

"పౌలు. రేపు పనున్నదా అని అడుగుతడు. ఇంకేముంటది."

కట్ చేశాడు. చాయ ఇంకా పెదవులకు తగలకముందే మళ్లీ మోగింది. మళ్లీ పౌలే. పౌలుకు ఆ అలవాటుంది. ఎత్తేదాకా చేస్తాడు. ఎత్తితే పదినిమిషాలు వదలడు. ఒక్క పూట, ఒకే ఒక్క పూట తనకు ఎవరూ పని గుర్తు చేయకూడదనుకున్నాడు రమాకాంత్. మోత బంద్ చేసి, ఫోనును స్టీరింగు పక్క డబ్బాలో పడేసి మూత వేశాడు.

"జర ఎత్తి మాట్లాడరాదు" అంది సుమ.

"సాయంత్రం మాట్లాడ్త తియ్."

కాటారం దాటితే అడవి. నీడ, నీడ మధ్యలో ఎండ. ఆ తర్వాత గోదావరి. నీళ్లు లోతు లేని చోటు చూసుకుని ముగ్గురూ దిగారు. శ్రేయ నీళ్లు చల్లితే సుమ తిరిగి చల్లింది. రమాకాంత్ మెడ దాకా మునిగి, కళ్లు మూసుకుని, నాయిన ఒక్కసారి ఇలా నీళ్లలో కూర్చుని ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు. తడి బట్టలతోనే ఒడ్డున కూర్చుని అన్నం, తొక్కు, గడ్డ పెరుగు తిన్నారు. తిని చెట్టు కింద ఒరిగితే ముగ్గురికీ నిద్ర పట్టింది.

లేచి టైమెంతయిందో చూద్దామని రమాకాంత్ బండి డబ్బాలోంచి ఫోను తీశాడు. తెర నిండా పౌలు పేరే ఉంది. ఆ పేర్ల మధ్యలో పక్క దుకాణం సరోజన పేరు కూడా ఉంది. సరోజన ఊరికే చేసే మనిషి కాదు. చెప్పులు కూడా లేకుండా వేడి ఇసుకలో కొంచెం ఎత్తుకు నడిచి ఆమెకు చేశాడు.

"యాడున్నవన్నా?" అంది సరోజన. గొంతు బొంగురుపోయి ఉంది. "సమ్మక్క సచ్చిపోయింది."

"ఏంది?"

"పొద్దుగాల ఉపాధి పనికి పోయి మట్టి మోసింది. ఇంటికొచ్చి కండ్లు తిరుగుతున్నయని పన్నదట. మల్ల లేవలే. వడదెబ్బ. గా ఐసు పెట్టెకు వాళ్లు ఒకటే ఉరుకుడు. నీ షట్టరుకు తాళం ఉండె. తొర్రూరుల అడిగితె అవి అప్పటికే వేరే ఇండ్లకు పోయినయట. జనగామల దొరుకలే."

"తాళం పగలగొట్టుమను! ఇప్పుడే పగలగొట్టుమను సరోజనా!"

"ఇప్పుడేం లాభమన్నా. మంచుగడ్డలు తెచ్చి పెట్టిండ్రు, గవి ఎంతసేపు ఉంటయ్ గీ ఎండకు? శరీరం ఆగెటట్టు లేదని పెద్దమనుషులు అనిరి. తీస్కపోతున్నరు."

"మరి రేణుక?"

"పుణెల రైలెక్కింది. రేపు పొద్దుగాలకు దిగుతదట. నేనొచ్చెదాక ఉంచుండ్రి, అమ్మను ఉంచుండ్రి అని ఒకటే ఏడ్సుడు."

రేణుక పౌలు, సమ్మక్కల ఒక్కగానొక్క బిడ్డ. నర్సు చదివి పుణెలో ఒక ఆస్పత్రిలో పని చేస్తోంది.

రమాకాంత్‌కు కాళ్ల కింద ఇసుక కాలుతున్న సంగతి అప్పుడు తెలిసింది. కాటారంలో, చాయ గ్లాసు చేతిలో ఉండగా, ఒక్క మాట చాలేది. వెనక్కి పరుగెత్తి రావలసిన పని కూడా లేదు. పౌలూ, తాళం పగలగొట్టుకో అంటే సరిపోయేది. పెట్టె పనికి వచ్చేది. ఆ పిల్ల తల్లి ముఖం చూసుకునేది.

తిరుగు దారి పట్టారు. సుమ ఏమన్నా అంటే బాగుండునని రమాకాంత్ ఎదురుచూశాడు. చెప్పిన గద తాళంచెవి ఇచ్చి పోదామని, చెప్పిన గద ఫోనెత్తుమని. ఆమె అనలేదు. తడిసిన చీర కొంగును ఒళ్లో మడతపెడుతూ, విప్పుతూ కూర్చుంది. పోతున్నప్పుడు నవ్వించిన బొగ్గు లారీలే ఎదురొచ్చాయి. ముగ్గురూ కిటికీ అద్దాలు ఎత్తుకున్నారు.

కొడకండ్ల చేరేసరికి పొద్దు గూట్లో పడుతోంది. బొందలగడ్డలో మట్టి చేసి వచ్చినవాళ్లు పౌలు ఇంటి ముందు నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటున్నారు. పౌలు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కాకు మట్టి అంటుకుని ఉంది. ఎవరో రమాకాంత్‌కు కుర్చీ వేశారు. అది అతని కుర్చీయే, వెనక టెంట్‌హౌస్ పేరు రాసి ఉంది. ఎప్పుడో ఏదో పెళ్లికి తీసుకుని తిరిగివ్వకుండా ఉండిపోయింది. అతను కూర్చోలేదు.

"అడవి దిక్కు పోయిండ్రట గద సేటు," అన్నాడొక పెద్దమనిషి. "ఈడ మోగినట్టె వినబడ్తది గని ఆడ సిగ్నల్ ఉండదు. ఏం జేస్తరు, మీరు మాత్రం."

ఆ మాట అతని ముందుకు వచ్చి నిలబడింది. తీసుకోవాలా వద్దా అని ఆలోచించేలోపే తల ఊగింది. అవును, సిగ్నల్ లేదు. అలా తల ఊపుతూ పక్కకు చూశాడు. సుమ చూస్తోంది. కాటారంలో మోగిన ఫోను చప్పుడు విన్న మనిషి ఆమె. ఆమె లోపలికి పోయి ఆడవాళ్ల మధ్య కూర్చుంది.

రమాకాంత్ పౌలు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"తాళం పగలగొట్టుకోవద్దా పౌలూ? నేనేమన్న అంటనా?"

పౌలు తల ఎత్తాడు. అతని ముఖంలో కోపం లేదు. ఆ ప్రశ్న అర్థం కానట్టు చూశాడు.

"మీ తాళం మేమెట్ల పగలగొడ్తం సేటు? మీరు లేంది? మా పోరగాళ్లు గడ్డపార పట్టుకొచ్చిండ్రు. నేనే వద్దన్న. రేపు ఆడ ఒక్క గిలాస తక్కువైనా ఎవల మీదికొస్తది?"

ఎత్తిపొడవాలని అన్నది కాదది. ఉన్న సంగతి చెప్పాడు, అంతే. కానీ రమాకాంత్‌కు కిందటేడు మాట గుర్తొచ్చింది. రాగి గంగాళం ఒకటి కనబడకపోతే అందరి ముందూ సమ్మక్కను నిలబెట్టి అడిగాడు. తర్వాత అది ఫంక్షన్ హాలు వంటింట్లోనే దొరికింది. దొరికిందని ఆమెకు చెప్పాడు గానీ, తప్పయిందని అనలేదు. అతను ఆ సంగతి ఆ వారమే మరిచిపోయాడు. వీళ్లు మరిచిపోలేదు. గడ్డపార చేతిలో ఉన్నప్పుడు, ఇంట్లో శవం ఉన్నప్పుడు, ఆ గంగాళమే పౌలు చెయ్యి పట్టి ఆపింది.

మట్టి చేసే ముందు రేణుకకు వీడియో కాల్‌లో తల్లిని చూపించారట. రైల్లో తలుపు దగ్గర నిలబడి చూసిందట. ఆ పిల్ల "అమ్మ ముఖం మీది గుడ్డ జర పక్కకు జరపండి" అంటుండగానే బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కలిసేసరికి మట్టి వేస్తున్నారు. ఈ సంగతి సరోజన చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేదని రమాకాంత్ అనుకున్నాడు. అనుకున్నందుకు ఇంకా సిగ్గుపడ్డాడు.

తెల్లవారి రేణుక వచ్చింది. సంచి ఇంట్లో పెట్టకుండానే నేరుగా బొందలగడ్డకు పోయింది. రమాకాంత్ దూరం నుంచి చూశాడు. ఆమె ఏడవలేదు. పచ్చి మట్టి పక్కన కూర్చుని, మట్టిగడ్డలను ఒక్కొక్కటే వేళ్లతో చిదిపి పొడి చేస్తూ చాలాసేపు ఉండిపోయింది.

మూడో దినం ప్రార్థన కూడికకు రమాకాంత్ శామియానా వేయించాడు. కుర్చీలు పంపాడు. గంజులు పంపాడు. ఏది చేసినా జనం మెచ్చుకున్నారు. "సేటు మనసున్నోడు. ఆ దినం ఊర్ల ఉంటె గిట్ల గాకపోవు." పాస్టరు ప్రార్థనలో అతని పేరు కూడా చెప్పి, ఆ కుటుంబాన్ని దీవించమని వేడుకున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. రమాకాంత్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

రేణుక వెళ్లే రోజు వచ్చింది. జనగామలో రైలు ఎక్కాలి. ఆ సంగతి తెలిసి సుమ బండి తాళంచెవి తెచ్చి అతని ముందు పెట్టింది.

"నువ్వే తీస్కపోయి దించు."

అతను ఆమె వంక చూశాడు.

"చెప్తవా చెప్పవా, అది నీ ఇష్టం," అంది సుమ. "నేనైతె ఆ పిల్ల ముఖం చూడలేకపోతున్న. నాకు అన్నం బెట్టింది మొన్న. పెద్దమ్మా తినమని బతిలాడింది."

బండిలో రేణుక కిటికీ వైపు జరిగి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఊరు దాటారు. పత్తి విత్తనాలకు దున్ని ఉంచిన ఎర్రచెలకలు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి. ఏ దారిలో బండి ఎక్కినా కథలు చెప్పే మనిషి, ఆ రోజు గొంతు విప్పడానికి సగం దారి పట్టింది.

"రేణుకా, నీకొక మాట చెప్పాలె బిడ్డా."

"చెప్పు సేటు."

"ఆ దినం సిగ్నల్ లేదని అందరంటున్నరు గద. ఉండె. కాటారంల ఉన్నప్పుడు మీ నాయిన ఫోను చేసిండు. నేను చూసిన. పనికోసమని అనుకొని కట్ చేసిన. రెండోసారి చేస్తె మోత బంద్ చేసిన. ఎత్తి ఉంటె తాళం పగలగొట్టుమని చెప్పేటోన్ని. నువ్వు అమ్మను చూసుకుందువు."

రేణుక రోడ్డు వైపే చూస్తోంది. అతను ఆమె తిడుతుందని సిద్ధపడ్డాడు. ఏడుస్తుందేమోనని భయపడ్డాడు. ఎక్కడో ఒక మూల, ఫరవాలేదు సేటు అంటుందేమోనని ఆశ కూడా పడ్డాడు. ఆ ఆశే తర్వాత అతన్ని ఎక్కువగా కుమిలేలా చేసింది.

"నాకెందుకు చెప్పినవ్ సేటు?" అంది.

అతను బండి వేగం తగ్గించాడు.

"సిగ్నల్ లేదనుకుంటె నాకు ఎవరి మీద కోపం లేకుండె. అమ్మ పోయింది, నేను అందుకోలేకపోయిన, గంతే అనుకున్న. ఇప్పుడు పుణె దాక నేనిది మోస్కపోవాలె. నీ బరువు దించుకునెతందుకు నా నెత్తి మీద పెట్టినవ్."

"తప్పయింది బిడ్డా."

"అది నువ్వు అమ్మకు చెప్పాలె. నాకు కాదు."

స్టేషన్ ముందు బండి ఆపగానే రమాకాంత్ దిగి సంచి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. తనే భుజానికి వేసుకుని, రెండడుగులు వేసి, ఆగి వెనక్కి తిరిగింది.

"అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా జలపాతం ముచ్చట చెప్పేది. సేటు చూపిచ్చిండని. నెత్తి మీద నీళ్లు పడుతుంటె ఊపిరాడలేదని నవ్వేది." సంచి పట్టీ సర్దుకుంది. "గది కూడా నువ్వే చూపిచ్చినవ్. అందుకె ఏమనాలెనో నాకు తెలుస్తలేదు."

జనంలో కలిసిపోయింది. అతను రైలు వెళ్లిన చప్పుడు వినబడేదాకా బండి పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆ తర్వాత రమాకాంత్ ఫ్రీజరు పెట్టెను గోదాములోంచి బయటికి తెచ్చి, షట్టరు ముందు రేకుల పందిరి కింద పెట్టించాడు. తాళం లేదు. ఎవరు ఎప్పుడు వచ్చినా, అడగకుండా తీసుకుపోవచ్చు. దానికీ జనం మెచ్చుకున్నారు. ఎవరైనా పొగడటం మొదలుపెడితే అతను ఏదో పని ఉన్నట్టు లోపలికి పోతాడు. హోటల్ ముందు కథలు చెప్పడం మానేశాడు. "మొన్న గోదారికి పోయిండ్రట, చెప్పు సేటు" అని ఎవరో అడిగితే చాయ సగంలో వదిలి లేచి వచ్చేశాడు. తిప్పలన్నీ వచ్చినంక కథలైతయి అన్న తన మాటే అతనికి ఇప్పుడు వినబుద్ధి కాదు. కొన్ని తిప్పలు ఇంకొకరి ఇంట్లో మిగిలిపోతాయని అతనికి ఆలస్యంగా తెలిసింది.

తిరగడం మాత్రం పూర్తిగా మానలేదు. మానేస్తానంటే సుమే ఒప్పుకోలేదు. "గోదారి ఏం పాపం చేసింది? నువ్వు చేసిన దానికి మమ్ముల ఇంట్ల గూసోబెడ్తవా?" అంది. శ్రేయను కాలేజీలో చేర్పించి వస్తూ ముగ్గురూ ఒక చెరువు గట్టున ఆగారు. ఫోను అతని చేతిలోనే ఉంది. మోగిన ప్రతిసారీ, ఎవరిదైనా, ఎత్తాడు. ఒకటి లోను కావాలా అని అడిగే కంపెనీ పిల్ల చేసిన ఫోను. దానికి కూడా వద్దమ్మా అని ఓపిగ్గా జవాబు చెప్పాడు.

పౌలు చాలా రోజులు పనికి రాలేదు. రేణుక తండ్రికి చెప్పిందో లేదో రమాకాంత్‌కు తెలియదు. పౌలు ఇంటి ముందు నుంచి పోవలసి వస్తే వేరే గల్లీలోంచి చుట్టూ తిరిగి పోయేవాడు. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యాయి. ఒక పొద్దున అతను వచ్చేసరికి పౌలు షట్టరు ముందు కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ సామాను ఎక్కించుకుని పెళ్లివాళ్ల ఇంటికి పోయారు.

శామియానా గుంజలు నిలబెడుతుండగా, తాడు ముడి వేస్తూ, తల ఎత్తకుండానే పౌలు అన్నాడు.

"రేణుక చెప్పింది సేటు."

రమాకాంత్ గుంజను నేలకు ఆనించాడు. "ఎప్పుడు?"

"పుణె పోయిన తెల్లారే చెప్పింది."

అంటే ఇన్నాళ్లూ తెలుసు. తెలిసీ తన వాకిలి ముందుకు వచ్చి కూర్చున్నాడు. రమాకాంత్‌కు తప్పయింది అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది అమ్మకు చెప్పాలని రేణుక అన్నది గుర్తొచ్చి అక్కడే ఆగింది.

"నువ్వేమంటవ్ పౌలూ?"

పౌలు ముడి బిగించి, లేచి, శామియానా అవతలి అంచు వైపు చూశాడు. గాలికి గుడ్డ పడవ తెరచాపలా ఉబ్బుతోంది.

"నేనేమంట సేటు? నాకు మాటలొస్తలేవు. తాడు పట్టుకో. గట్టిగ పట్టుకో, గాలి మోపైతున్నది."

రమాకాంత్ రెండు చేతులతో తాడు పట్టుకున్నాడు. అవతలి గుంజ దగ్గరికి పౌలు నడిచి వెళ్లి, అక్కడ ముడి వేసి, చెయ్యి ఊపేదాకా వదల్లేదు.